పేరిందేవికి నీడ మంజూరైంది

పేరిందేవికి ప్రభుత్వం నుంచి కావలసింది ఒక్కటే, తన డాబా మీద రోజుకి ఐదు గంటల ఎండ. అదైనా ప్రభుత్వం కొత్తగా ఇవ్వక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా ఎవరూ మంజూరు చేయకుండానే దానంతటదే వచ్చి పడుతూ ఉండేది. మధ్యలో మునిసిపాలిటీ వారి నిద్రగన్నేరు చెట్టు అడ్డం రాకపోతే చాలు.

ఆ చెట్టు వాళ్ల ప్రహరీ గోడకి బయట, రోడ్డు పక్కన ఉంది. ఎప్పుడో ఒక కమిషనరు గారు పార పట్టుకుని ఫొటో దిగి నాటారు. ఫొటో అయ్యాక ఆయన వెళ్లిపోయారు. నీళ్లు పోసి పెంచింది పేరిందేవి. చెట్టు ఆ మేలు మరిచిపోలేదు. ఏటేటా పెరుగుతూ నాలుగు పెద్ద కొమ్మలు ఆవిడ డాబా మీదికే చాచి, ఈ ఏడాదికి డాబా అంతా కమ్మేసింది. నిద్రగన్నేరు సాయంత్రం ఆకులు ముడుచుకుని తెల్లవారగానే విప్పుకుంటుంది. అంటే ఎండ ఉన్నంతసేపూ డ్యూటీలోనే ఉంటుంది. ఏటిపర్రు మునిసిపాలిటీలో వేళకి డ్యూటీ ఎక్కేది అదొక్కటేనని పేరిందేవి భర్త గంగరాజు మెచ్చుకునేవాడు. ఆయన ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. రోజూ భోంచేసి, డాబా మీద మడత మంచం వేసుకుని, ఆ నీడలో మూడింటి దాకా నిద్రపోయేవాడు.

పేరిందేవి గుమ్మడి వడియాలు పెట్టి అమ్ముతుంది. బూడిద గుమ్మడికాయని సన్నగా తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటకట్టి, మీద బరువు పెట్టి నీరంతా ఓడుస్తుంది. తెల్లారి మినప్పిండి, పచ్చిమిరపకాయల ముద్ద కలిపి, డాబా మీద పాత పంచెలు పరిచి చిన్న చిన్న ముద్దలుగా పెడుతుంది. అక్కడితో ఆవిడ పని అయిపోతుంది, మిగతాది సూర్యుడి పని. ఆయన నాలుగు రోజులు గట్టిగా పని చేస్తే, వడియం నూనెలో పడగానే పొంగి, పళ్ల కింద కరకరలాడుతుంది. ఏటిపర్రులో పెళ్లి భోజనమంటే పప్పు పక్కన ఆవిడ వడియం ఉండాల్సిందే.

ఆ మాఘమాసంలో కామేశ్వరమ్మ గారు రెండు కిలోల పొట్లం వెనక్కి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"ఏమీ అనుకోకు పేరిందేవీ. మగపెళ్లివారి ముందు తల ఎత్తుకోలేకపోయాం. నూనెలో వేస్తే ఒక్కటీ పొంగలేదమ్మా. లోపల బూజు వాసన."

పేరిందేవి పొట్లం విప్పి వాసన చూసింది. ఆవిడ చేతి వడియం ఇల్లు దాటి వెనక్కి రావడం అదే మొదటిసారి. కామేశ్వరమ్మ వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని కత్తిపీట పట్టుకుని డాబా ఎక్కింది.

"ఏవండీ, లేవండి. ఈ కొమ్మలు నాలుగూ కొట్టేద్దాం."

గంగరాజు ఒక కన్ను తెరిచాడు. "గవర్నమెంటు చెట్టే అది. కొమ్మ ముట్టుకున్నావంటే కేసు. దేనికైనా ఓ పద్ధతుంటుంది. అర్జీ పెట్టుకో." ఆ కన్ను కూడా మూసేశాడు.

మునిసిపల్ ఆఫీసులో అర్జీల కౌంటరు దగ్గర భ్రమరాంబ అనే అమ్మాయి కూర్చుంటుంది. మంచి పిల్ల. ఎవరొచ్చినా కాదనదు, కంప్యూటరు కాదంటే తప్ప.

"కొమ్మ విరిగి పడిందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా."

"కరెంటు తీగలకి తగులుతోందాండీ? పోనీ ఆకులు రాలి డ్రైనేజీ మూసుకుపోయిందా?"

"అవేం లేవమ్మా. నీడ పడుతోంది."

భ్రమరాంబ టైపు చేయడం ఆపేసింది. "నీడ పడితే కంప్లయింటేంటండీ?"

అంటూనే వెతికింది. ఫిర్యాదుల జాబితాలో నీడ లేదు. కానీ సరిగ్గా ఆ నెలలోనే ఊళ్లో 'ఇంటింటికీ నీడ' అనే పథకం మొదలైంది. బస్టాండు నుంచి చేపల మార్కెట్టు దాకా బోర్డులు పెట్టారు, మైకులో చెప్పారు. దరఖాస్తు మాత్రం ఒక్కటీ రాలేదు. నెలాఖరుకి సమీక్ష ఉంది. కంప్యూటరు మొత్తం మీద నీడ అనే మాట ఉన్న పేజీ అదొక్కటే.

"ఇందులో ఎక్కించేస్తానండి పిన్నిగారూ. ఎందులో ఎక్కిస్తేనేం, సారు దగ్గరికి వెళ్లడం కావాలి కదండీ," అంది. పేరిందేవికి కూడా అది సబబుగానే తోచింది. వేలిముద్ర వేసి, రసీదు కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చింది.

ఐదో రోజున జీపులోంచి విశ్వేశ్వరం గారు దిగారు. ఆయన నీడ విభాగానికి ప్రత్యేకాధికారి. వెనకాల టేపు పట్టుకుని ఓ అసిస్టెంటు. విశ్వేశ్వరం గారు డాబా ఎక్కి, గంగరాజుని మంచంతో సహా పక్కకి జరిపించి, నీడని కొలిపించారు.

"పొడవు ముప్ఫై రెండు, వెడల్పు ఇరవై ఆరు. నాణ్యత?"

అసిస్టెంటు వంగి, నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. "చల్లగా ఉందండి."

"ఉత్తమం అని రాయండి."

"ఎప్పుడు కొట్టేస్తారండీ?" అని పేరిందేవి ఆశగా అడిగింది.

విశ్వేశ్వరం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, తమరి దరఖాస్తును సానుభూతితో పరిశీలించడమైనది. తమరికి ఎనిమిది వందల ముప్ఫై రెండు చదరపు అడుగుల నీడను మంజూరు చేయడమైనది. పట్టణంలో తమరే తొలి లబ్ధిదారు."

"మంజూరేంటండీ బాబూ! అదే కదండీ నా బాధ. నాకు నీడొద్దండి. ఎండ కావాలి. నా వడియాలు బూజట్టిపోతున్నాయండి!"

ఆయన అసిస్టెంటు వైపు తిరిగి, "లబ్ధిదారు ఆనందంతో భావోద్వేగానికి లోనైనారు అని రాయండి," అన్నారు.

గుమ్మం పక్కన 'ఈ ఇంటికి నీడ అందినది' అని స్టిక్కరు అంటించారు. పేరిందేవిని చెట్టు కింద నిలబెట్టి, చేతులు జోడించి నవ్వమన్నారు. ఆవిడ జోడించింది గానీ నవ్వలేదు. మర్నాడు జిల్లా పేపర్లో ఆ ఫొటో వచ్చింది. కింద 'నీడతో నిండిన బతుకు' అని రాశారు.

అక్కడితో అయిపోతే పేరిందేవి ఎలాగో సర్దుకునేది. కానీ ఇచ్చింది వాడుతున్నారో లేదో చూడకపోతే అది పథకం కాదు. లబ్ధిదారు రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా నీడలో స్వయంగా కూర్చుని వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టాలన్నారు. గంగరాజు ఎంతో ఉత్సాహంగా తాను కూర్చుంటానన్నాడు. తాను ఎనిమిదేళ్లుగా ఆ పనే చేస్తున్నానని అనుభవం కూడా చెప్పుకున్నాడు. కుదరదన్నారు. మంజూరు ఇంటి ఇల్లాలి పేరు మీద ఉంది. దాంతో గుమ్మడికాయలు తరగాల్సిన వేళకి పేరిందేవి కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, తన కొంప ముంచిన నీడలో కూర్చోవాల్సి వచ్చింది.

ఈలోగా ఎదురింటి నాగమణి మాట్లాడటం మానేసింది. "పెద్దోళ్లకి తెలిసినోళ్లైతే నీడ, మనకేమో బోడి ఎండ. మనం ఓట్లెయ్యలేదా?" అని కుళాయి దగ్గర అందరూ వినేలా అంది. రెండు రోజుల్లో వీధి వీధంతా ఆఫీసు ముందు కూర్చుంది. విశ్వేశ్వరం గారు బయటికి వచ్చి, అర్హులందరికీ నీడ ఇస్తామని హామీ ఇచ్చి, తలా ఒక వేప మొక్క, ఒక మంజూరు పత్రం చేతిలో పెట్టారు. 'నీడ ఇరవై సంవత్సరాలలో అందజేయబడును' అని పత్రంలో రాసి ఉంది. నాగమణి దాన్ని లామినేషన్ చేయించుకుంది.

పేరిందేవి మళ్లీ భ్రమరాంబ దగ్గరికి వెళ్లింది. "ఈ పథకంలోంచి నన్ను తీసేయించే దారి చూడమ్మా. నీకు పుణ్యముంటుంది."

భ్రమరాంబ అప్పటికే తన పొరపాటుకి నొచ్చుకుంటూ ఉంది. మార్గదర్శకాలు తీసి అనర్హుల జాబితా చదివింది.

"కారు ఉందాండీ?"

"మడత మంచం ఉందమ్మా."

"ఇంట్లో ఏసీ?"

"చెట్టుండగా ఏసీ ఎందుకమ్మా?"

భ్రమరాంబ వేలు కిందికి జరిపి, ఒక చోట ఆగింది. "ఇదిగోండి, ఏడోది. 'ఇతర మార్గముల ద్వారా ఇప్పటికే నీడ పొందుచున్నవారు అనర్హులు.'" ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

మర్నాడు పదకొండింటికి విశ్వేశ్వరం గారు తనిఖీకి డాబా ఎక్కేసరికి, పేరిందేవి చెట్టు నీడలో కుర్చీ వేసుకుని, నల్ల గొడుగు తెరిచి పట్టుకుని కూర్చుని ఉంది.

ఆయన మెట్టు మీదే ఆగిపోయారు. "అమ్మా, అది ఏమిటి?"

"గొడుగండి."

"తెరవబడి ఉన్నదే!"

"ఉందండి. చాలా ఏళ్ల నుంచీ దీని నీడ కూడా వాడుకుంటున్నానండి. మీకు చెప్పకుండా దాచేను. తప్పైపోయిందండి," అని పేరిందేవి తల దించుకుంది.

విశ్వేశ్వరం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పేపర్లో ఫొటో పడిన తొలి లబ్ధిదారు రెండు నీడలు అనుభవిస్తోంది! మంచం మీంచి గంగరాజు లేచి, భార్యకి సాయం చేద్దామనుకుని, "ఆ గొడుగు నాదండి. రిటైరైన రోజున డిపోలో సన్మానం చేసి ఇచ్చారు," అన్నాడు. దాంతో పూర్తిగా కొంప మునిగింది. ఆర్టీసీ కూడా ప్రభుత్వానిదే కాబట్టి, ఒకే ఇంటికి రెండు నీడలూ ప్రభుత్వ మార్గంలోనే అందాయన్న మాట. విశ్వేశ్వరం గారు అక్కడికక్కడే గొడుగు కొలతలు కూడా తీయించారు.

మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'సదరు లబ్ధిదారుకు మంజూరైన నీడను ఇందుమూలముగా ఉపసంహరించడమైనది. వారం లోగా అమలు జరుపవలెను.' పేరిందేవి ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. కామేశ్వరమ్మ గారింటికి వెళ్లి, "అమ్మగారూ, వచ్చే వారం మీకు మంచి వడియాలు తెచ్చి ఇస్తాను. పొంగకపోతే ఇంక ఈ పని మానేస్తాను," అని చెప్పి వచ్చింది. సంత నుంచి ఎనిమిది గుమ్మడికాయలు తెచ్చింది. అమలు జరిగే రోజున తెల్లవారుజామునే లేచి పిండి రుబ్బి, మిరపకాయల ముద్ద కలిపి, రెండు పెద్ద బేసిన్ల నిండా సిద్ధం చేసి, కొమ్మలు కొట్టేవాళ్ల కోసం గుమ్మంలో నిలబడింది.

గొడ్డళ్లు రాలేదు. వ్యాను వచ్చింది. అందులోంచి టెంటు హౌసు అబ్బులు దిగి, వెదురు బొంగులు, తాళ్లు, ఎర్ర పువ్వుల షామియానా ఒకటి దింపించాడు. వెనకాలే విశ్వేశ్వరం గారి జీపు.

"ఇదేంటండీ?"

"చెట్టు ఉద్యానవన విభాగానిదమ్మా. దానిని ముట్టుకొనుటకు మాకు అధికారం లేదు. నీడ మాత్రమే మాది. కావున చెట్టు నీడ తమరి మీద పడకుండా మధ్యలో అడ్డు కట్టుచున్నాము. ఇకనుండి ఆ నీడ షామియానా మీద పడును. తమరికి ఒక్క అడుగు కూడా అందదు."

పేరిందేవి చెట్టు వైపు, షామియానా గుడ్డ వైపు చూసింది. "మరి షామియానా నీడ నా మీద పడదాండీ?"

"పడవచ్చును. అయితే అది ప్రైవేటు నీడ. దానితో మాకు సంబంధం లేదు."

అబ్బులు తాళ్లని కొమ్మలకి ముడేసి, నాలుగు వైపులా బిగించి కట్టాడు. "ఏం చేత్తామండి, కట్టమన్నారు, కట్టేను," అని మొహం చాటేసుకుని దిగిపోయాడు. ఇంతకుముందు ఆకుల సందుల్లోంచి రూపాయి బిళ్లంత ఎండ అయినా పడేది. ఇప్పుడు డాబా మీద చీకటి. గంగరాజుకే భయం వేసి మంచం కిందికి తెచ్చుకున్నాడు.

పేరిందేవి రెండు బేసిన్ల వైపూ చూసింది. కలిపిన పిండి సాయంత్రానికల్లా పులిసిపోతుంది. ఇప్పటిదాకా ఏడుపు వచ్చేది. ఈసారి ఒళ్లు మండింది. ఊళ్లో నిఖార్సైన ఎండ ఎక్కడుందో ఆలోచించింది. ఆలోచించగానే తట్టింది. మునిసిపల్ ఆఫీసు ఆవరణ! 'ఇంటింటికీ నీడ' ప్రారంభోత్సవ సభకి స్థలం చాలక అక్కడున్న ఐదు చెట్లూ కొట్టేశారు. ఇప్పుడు అక్కడ గచ్చు మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది.

ఆటోలో బేసిన్లు ఎక్కించుకుని వెళ్లి, ఆవరణ నిండా పంచెలు పరిచి, వరసగా వడియాలు పెట్టడం మొదలెట్టింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ పెట్టకూడదమ్మగారూ!"

"ఎండ వాడుకోకూడదని ఎక్కడైనా రాసుందేమో చూసి రా బాబూ. ఉంటే తీసేస్తాను."

వాచ్‌మన్ వెళ్లి విశ్వేశ్వరం గారికి చెప్పాడు. ఆయన నిబంధనల పుస్తకాలు తెప్పించుకుని వెతకడం మొదలెట్టారు. నాలుగు రోజులు వెతికారు. వడియాలు ఎండటానికి పట్టేది కూడా సరిగ్గా నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ ఆఫీసు సిబ్బంది పరిచిన గుడ్డల మధ్య సందుల్లో పంచెలు, ప్యాంట్లు ఎత్తి పట్టుకుని గెంతుకుంటూ డ్యూటీకి వచ్చారు. రెండో రోజు నుంచి భ్రమరాంబ మధ్యాహ్నం భోజనాల వేళ కాకుల్ని తోలింది. నాలుగో రోజు మేడ మీది కిటికీలోంచి కమిషనరు గారి చూపు వీటి మీద పడింది.

"ఆవిడ దేనికి వచ్చింది?" అని పక్కనున్నవాళ్లని అడిగారు.

"ఎండ కోసమండి."

కమిషనరు గారు ఆశ్చర్యపోయారు. "ప్రజల్లో ఎండకి కూడా డిమాండు ఉందా? ఇంతకాలం నా దృష్టికి ఎందుకు తీసుకురాలేదు?"

ఆ సాయంత్రానికే 'ఇంటింటికీ ఎండ' అనే పథకానికి రూపకల్పన జరిగింది. తొలి లబ్ధిదారు ఎవరో వెతుక్కోనక్కర్లేదు. శుక్రవారం పదకొండింటికి, ఆఫీసు ఆవరణలో, జిల్లా పెద్దల సమక్షంలో పేరిందేవికి ఎండని లాంఛనంగా అందజేయాలని నిర్ణయించారు. ఒక్కటే చిక్కు వచ్చింది. జిల్లా పెద్దలు ఎండలో కూర్చోలేరు. షామియానా వేయాలి. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఊళ్లో ఒక్క షామియానా ఖాళీ లేదు. ఉన్నది ఒక్కటే. అది పేరిందేవి డాబా మీద ఉంది.

శుక్రవారం తొమ్మిదింటికి అబ్బులు రొప్పుతూ మెట్లెక్కాడు.

"పదకొండుకల్లా ఆఫీసుకాడ కట్టేయాలంటండి. కట్టకపోతే నా పని అయిపోద్ది." ఒక తాడు లాగాడు. రాలేదు. ఇంకోటి లాగాడు. వారం రోజుల్లో కొమ్మలు గాలికి ఊగి ఊగి, తాళ్లు, గుడ్డ, రెమ్మలు అన్నీ కలిసి చిక్కుముడి పడిపోయాయి. ఇంకాస్త గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతుంది. అబ్బులు వాచీ చూసుకున్నాడు. తల గోక్కున్నాడు. వ్యానులోంచి కత్తి తెప్పించాడు.

"అబ్బులూ, గవర్నమెంటు చెట్టురా!" అని గంగరాజు కింద నుంచి కేకేశాడు.

"గుడ్డ నాదండి!" అని అబ్బులు పైనుంచి అరిచాడు.

పావుగంట పట్టింది. డాబా మీదికి చాచిన నాలుగు కొమ్మలూ ఒకదాని తరవాత ఒకటి ప్రహరీ బయట పడ్డాయి. అబ్బులు గుడ్డ దులిపి, మడతపెట్టి, భుజాన వేసుకుని పరిగెత్తాడు. అతనికి కొమ్మల గురించి ఆలోచించే తీరిక లేదు. చెట్టు మాత్రం రోడ్డు వైపు కొమ్మలతో నిండుగానే ఉంది. గంగరాజు మడత మంచాన్ని మారు మాట్లాడకుండా ఆ వైపుకి మోసుకుపోయాడు.

పేరిందేవి డాబా మధ్యలో నిలబడింది. ఇన్నాళ్లకి ఎండ చుర్రుమని నెత్తి మీద పడింది. కళ్లు చికిలించి పైకి చూసి, పిచ్చిదానిలా ఒక్కత్తీ నవ్వుకుంది. తరవాత గబగబా కిందికి పోయి, ఆఫీసు ఆవరణలో పెడదామని కలిపి ఉంచిన పిండి తెచ్చి, పంచెలు పరిచింది.

పదకొండున్నరకి విశ్వేశ్వరం గారి నుంచి ఫోను వచ్చింది. "అమ్మా, ఎక్కడ ఉన్నారు? పెద్దలందరూ వేంచేసినారు. తమరికి ఎండ అందజేయవలసి ఉన్నది."

"నాకు అందిపోయిందండీ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఎవరు అందజేసినారు? ఏ విభాగము?"

"షామియానా విభాగమండీ," అని పేరిందేవి ఫోను పెట్టేసి, వడియాలు పెట్టుకుంటూ కూర్చుంది. ఆఫీసులో సభ ఆగలేదు. షామియానా కింద చల్లగా కూర్చుని, ఆవిడకి బదులు భ్రమరాంబకి ఎండ అందజేశారు.

విశ్వేశ్వరం గారు మాత్రం వదిలే మనిషి కాదు. ఆ సాయంత్రం ఆరున్నరకి, ఎండ అందినట్టు వేలిముద్ర వేయించుకోవడానికి యంత్రంతో వచ్చారు. డాబా ఎక్కి చుట్టూ చూశారు. అప్పటికి పొద్దు కుంకింది.

"తనిఖీ సమయమున లబ్ధిదారు వద్ద ఎండ కనుపించలేదు," అని గొణుక్కుంటూ కలం తీశారు.

"ఉందండి. రండి చూపిస్తాను," అని పేరిందేవి ఆయన్ని వంటింటి గుమ్మం దగ్గర పీట వేసి కూర్చోబెట్టింది. మూకుడులో నూనె కాగుతోంది. ఆఫీసు ఆవరణలో నాలుగు రోజులు ఎండిన వడియాల డబ్బా తీసి, గుప్పెడు నూనెలో వేసింది. ఊపిరి బిగబట్టి చూసింది. ఒక్క క్షణం అడుగున ఉండి, ఒకదాని వెనక ఒకటి పైకి తేలి, బుస్సున పొంగాయి. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బాలోవి సగం కామేశ్వరమ్మ గారి పొట్లం కోసం పక్కన పెట్టి, వేగినవి పళ్లెంలో వేసి ఆయన ముందు పెట్టింది.

విశ్వేశ్వరం గారు ఒకటి నోట్లో వేసుకున్నారు. ఆ కరకర వీధిలో మంచం మీదున్న గంగరాజుకి కూడా వినిపించింది. ఆయన ఇంకోటి తీసుకున్నారు, తరవాత ఇంకోటి. పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఒక్క ఉత్తర్వు మాట కూడా ఆయన నోటి వెంట రాలేదు.

"ఇదేనండి మీరిచ్చిన ఎండ," అంది పేరిందేవి. "ఇంకో రెండు వెయ్యమంటారా?"

"వెయ్యమ్మా," అన్నారు విశ్వేశ్వరం గారు, యంత్రం పక్కన పెట్టేసి.